దేవుడి ముందు తీసే తలగుడ్డ

సముద్రం ఇవతల ఈ ఇపో పట్నంలో మన తెలుగు కుర్రకారు కొందరు శనివారం సాయంత్రాలు మా ముందుగదిలో చేరి నాచేత మతాల చరిత్ర చెప్పించుకుంటున్నారు. నేను ఐదో తరగతి దాటినవాణ్ణి కాను. మిగతా చదువంతా గ్రంథాలయం బల్లల మీద చేసిందే. అందుకని ఎవరైనా నోరు తెరిచి అడిగితే చాలు, భోజనం సంగతి కూడా మరిచిపోయి చెబుతాను. మొన్న క్వేకర్ల వంతు వచ్చింది. దాదాపు మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో పుట్టిన ఆ క్రైస్తవులు తమను స్నేహితులని పిలుచుకున్నారనీ, ప్రతి మనిషి లోపలా దేవుడి వెలుగు ఉంటుందని నమ్మి, పాదిరి లేకుండా మౌనంగా కూర్చుని ప్రార్థించారనీ, న్యాయాధిపతి ముందు కూడా టోపీ తియ్యక జైళ్లకు వెళ్లారనీ చెప్పాను. ఒక పిల్ల, "టోపీ కోసం జైలేటి మావా? తీసేస్తే పోయేది గదా లా!" అంది, ఈ ఊరి వాడుకలో మాట చివర "లా" తగిలించి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ తర్వాత పాఠం సాగలేదు. మా బావ గుర్తొచ్చాడు.

అప్పట్లో మేం హుటాన్ మెలింటాంగ్ అనే ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్లం. నేను రబ్బరు పాలు తూచే గుమాస్తాని. బావ, అంటే మా అక్క మొగుడు, ఆ పాల కోసం చెట్లు గీసేవాడు. కూలీల లైను ఇళ్లలో మా క్రైస్తవ కుటుంబాలు కొద్దే. పాదిరి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. పని మీద ఇపో వెళ్లినప్పుడు గ్రంథాలయంలో ఈ క్వేకర్ల గురించి చదివి వచ్చి, పాదిరి లేకపోయినా దేవుడు వస్తాడని నేను ప్రకటించాను. "పాదిరి నేకపోతే దేవుడికి మన లైను దారెలా తెలుస్తాది బామ్మర్దీ?" అన్నాడు బావ. అయినా అందరికంటే ముందు చాప పరిచింది అతనే. ఆదివారం సాయంత్రం రబ్బరు పొగ వాసనలో గోడకి ఆనుకుని కూర్చునేవాళ్లం. ఎవరికి లోపల్నుంచి మాట వస్తే వాళ్లు మాట్లాడాలి, లేకపోతే లేదు. మొదటి వారం మా అమ్మ దగ్గర్నుంచి ఏదో వినిపిస్తే ఆత్మ కదిలిందనుకున్నాం. గురక. పోనుపోను ఆ మౌనం అందరికీ అలవాటైంది. పొద్దల్లా పని చేయించే కంగాణి అరుపులు వినేవాళ్లకి ఎవరూ అరవని గంట దొరకడం చిన్న సంగతి కాదు.

మా తోటలో దొర ఎదురైతే మగవాళ్లు గొడుగు ముడవాలి, తలగుడ్డ తియ్యాలి. మేం ప్రార్థనలో కూడా తలగుడ్డ తీసేవాళ్లం. "దేవుడి ముందు తీసేది దొర ముందెందుకు తీయాల?" అని అడిగింది నేను కాదు, బావే. నాకు ఎంత గర్వమైందో! నేను నెలల తరబడి చదివి చెప్పింది అతని నోట ఒక్క మాటలో వచ్చింది. దాని మీద అందరం కట్టుబడ్డాం. సోమవారం తెల్లవారుజామున హాజరు పిలిచేటప్పుడు ఎవరూ తలగుడ్డ తియ్యకూడదు. ఎవరు నేర్పారని అడిగితే ప్రతివాడూ "నా అంతట నేనే" అనాలి. ఒక్కడి పేరు బయటికొస్తే వాడికి పనీ పోతుంది, ఉంటున్న గదీ పోతుంది. ముందురోజు ఆదివారం సాయంత్రం మౌనంలో బావ ఒక్కడే మోకాళ్ల మీదికి వచ్చి మాట్లాడాడు. "తండ్రీ, నీ ముందు ఒంగిన ఈ తల ఇంకెవరి ముందూ ఒంగనీకు. ఒంగిపోతే ఎత్తడానికి నువ్వే రా." మా అమ్మ ఏడ్చింది.

సోమవారం దొర లాంతరు వెలుగులో వరస వెంట నడుచుకుంటూ వచ్చాడు. నా పక్కన బావ చెయ్యి పైకి లేచింది. తలగుడ్డ తీశాడు. అతన్ని చూసి ఒక్కొక్కరే తీశారు. కంగాణి అడగకముందే బావ అన్నాడు: "ఈడేనండి. బుక్కులు సదివి మాకు నేర్పినాడు. మాకేటి తెలుసు?"

ఆ సాయంత్రానికి మేం గది ఖాళీ చెయ్యాలన్నారు. అమ్మ గిన్నెలు మూటకడుతుంటే బావ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏటి బావా ఇది?"

"నన్ను కూలీల మీద మండోరుని సేస్తానన్నాడు దొర. పిల్లలున్నారు బామ్మర్దీ. నీ వెలుగు మీద గంజి కాగదు."

"మాటెప్పుడిచ్చినావు?"

"నిన్న. పొద్దున."

భయపడి ఉంటే క్షమించేవాణ్ణి. వరసలో నిలబడ్డాక దొర బూట్ల చప్పుడు వింటే నా చెయ్యీ తలగుడ్డ మీదికి పోబోయింది. కానీ పొద్దున దొర బంగళా మెట్ల దగ్గర నన్ను అమ్మేసి, సాయంత్రం నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆ ప్రార్థన చేశాడు. వెళ్లేటప్పుడు అక్క తలుపు తియ్యలేదు. లోపల పిల్లల్ని ఊరుకోబెడుతున్న గొంతు మాత్రం వినపడింది. అమ్మ ఆ గుమ్మం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, బండి వైపు నడిచింది.

ఇపోలో నాకు వేరే పని దొరికింది, గ్రంథాలయం దగ్గరైంది, జుట్టు నెరిసింది. బావ మొహం ఇప్పుడు సరిగ్గా గుర్తుకు రాదు, కోపం కూడా ఎప్పుడో గాని రాదు. ఆ తర్వాత ఎన్నో గుడుల్లో ఎందరో పాదిర్ల ప్రార్థనలు విన్నాను గాని, ఆ అబద్ధపు ప్రార్థనంత మంచిది ఇంకొకటి వినలేదు. ఇన్నేళ్లు గడిచినా దాన్ని నమ్మకుండా ఉండటం నాకు చేతకాలేదు.