నా పక్కకు వచ్చి నిలబడిన గ్రేసమ్మ టీచరు

మొన్న కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో, ఆళ్లగడ్డ దాటాక, ముందు సీటులో కూర్చున్న పెద్దావిడ ఒక చిన్న సీసా మూత తీసి మోకాళ్లకు నీలగిరి తైలం రాసుకుంది. కిటికీలోంచి వచ్చే వేడిగాలి ఆ ఘాటును నా ముఖం మీదికి తెచ్చింది. పక్కనున్నాయన చిరాకుగా ముక్కు మూసుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను. గ్రేసమ్మ టీచరు ఇంట్లో అడుగు పెడితే మొదట పలకరించేది ఆ వాసనే.

మా నాన్న కడపలో ఒక చిన్న ప్రార్థనా మందిరానికి పాస్టరు. అందరూ ఆయన్ని అయ్యగారు అనేవాళ్లు. ఒక్కోసారి నేను కూడా. మా ఇంట్లో టీవీ లేదు, సినిమా మాట లేదు, శుక్రవారం చిన్నపిల్లలకు కూడా మధ్యాహ్నం దాకా ఉపవాసమే. గ్రేసమ్మ టీచరు మందిరం వెనక వీధిలో ఉండేది. మున్సిపల్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ప్రతి ఆదివారం మందిరంలో పిల్లలకు బైబిలు వాక్యం నేర్పేది ఆవిడే. ఎవరైనా తప్పు చెప్తే కసురుకునేది కాదు, మళ్లీ మొదటినుంచి చెప్పమనేది. ఎన్నిసార్లయినా విసుగు లేకుండా వినేది.

నాలో ఏదో వేరుగా ఉందని పదమూడో ఏటనే నాకు తెలిసింది. తోటి పిల్లలు అమ్మాయిల గురించి గుసగుసలాడుకుంటుంటే నా మనసు మాత్రం పక్క బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి చుట్టూ తిరిగేది. అలాంటివాళ్ల మీదికి అగ్ని దిగి వస్తుందని నాన్న మందిరంలో బల్ల గుద్ది చెప్పేవాడు. ఆయన గొంతు విని నేను నిజంగానే పైకప్పు వైపు చూసేవాణ్ణి. ఆ భయాన్ని నాలుగేళ్లు ఒక్కడినే మోశాను. పదిహేడో ఏట, ఇంటర్ రెండో సంవత్సరంలో, ఒక సాయంత్రం టీచరు ఇంటికి వెళ్లి ఏడుస్తూ చెప్పేశాను. ఆవిడ కొంగుతో నా కళ్లు తుడిచింది. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది.

"నీలో తప్పేం లేదు నాయనా. ఈ మాట నేను చెప్తాండా, గుర్తు పెట్టుకో" అంది.

ఆ ఒక్క మాట మీద రెండేళ్లు బతికాను.

డిగ్రీలో ఉండగా నా ఫోన్ నాన్న చేతికి చిక్కింది. అందులో నేనూ నా స్నేహితుడూ రాసుకున్న మాటలన్నీ ఆయన చదివాడు. కొట్టలేదు, తిట్టలేదు. వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నన్ను సంఘం ముందు నిలబెడతానని మాత్రం చెప్పాడు. అమ్మ ఆ వారమంతా నా కంచంలో అన్నం పెట్టి, నా ముఖం చూడకుండా లోపలికి వెళ్లిపోయేది.

ఆ శుక్రవారం మందిరం నిండిపోయింది. పెద్దలు నలుగురు నా తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన చేస్తున్నారు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి గ్రేసమ్మ టీచరు గోడ పట్టుకుని లేచింది. మోకాళ్లు సహకరించక మెల్లగా నడుచుకుంటూ చాపల మధ్య నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. ప్రార్థన ఆగిపోయింది.

"అయ్యగారూ, ఈ బిడ్డకు పదేండ్లు వాక్యం నేర్పింది నేను. నిలబెట్టాలంటే నన్ను గూడా నిలబెట్టండి" అంది.

నాన్న చేతిలోని బైబిలు మూశాడు. నా వైపు తిరిగాడు. "ఈమెకు ముందే తెలుసా? ఏం చెప్పింది నీకు?" అని అడిగాడు.

అందరూ నన్నే చూస్తున్నారు. అమ్మ కూడా.

"తప్పేం లేదని టీచరే చెప్పింది. అందుకే నేను ఇట్లయిపోయినా. నన్ను క్షమించండి" అన్నాను.

నాన్న ఏడుస్తూ నన్ను కావలించుకున్నాడు. సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆ సందడిలో టీచరు ఎప్పుడు బయటికి వెళ్లిందో నేను చూడలేదు. మరుసటి ఆదివారం నుంచి ఆవిడకు పిల్లల క్లాసు లేదు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో చోటు లేదు. ఆవిడ ఇంటికి ఎవరూ పోకూడదని కూడా చెప్పారు.

డిగ్రీ అయ్యాక కర్నూలులో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం దొరికింది. బయల్దేరే ముందు దొంగలాగా ఆవిడ ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగాలనే వెళ్లాను. అడగకుండానే పీట మీద కూర్చున్నాను. ఆవిడ నాకు జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, నేను తింటుంటే తన తమ్ముడి గురించి చెప్పింది. అతనూ నాలాంటివాడేనట. తండ్రి కొట్టి వెళ్లగొట్టిన రోజు ఈవిడ తలుపు పక్కనే నిలబడి ఉందట.

"ఒక్క మాట అడ్డం చెప్పింటే ఆగుండేటోడు. చెప్పలేకపోతి. ఇప్పుడు యాడుండాడో ఏమో" అంది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు.

ఆ తర్వాత మూడేళ్లకు ఆవిడ చనిపోయింది. ప్రార్థన చేయడానికి నాన్న రానన్నాడు. వేరే సంఘం నుంచి ఒకాయన వచ్చాడు. సమాధుల తోటలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఇరవై మందిదాకా ఉన్నారు. ఆవిడ గురించి ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని ఆయన అడిగినప్పుడు నేను ముందుకు వెళ్లాను. నేనెవరినో చెప్పాను. ఆ శుక్రవారం భయంతో ఆవిడ మీద నింద వేశానని, ఆవిడ నన్ను చెడగొట్టలేదని, బతికించిందని చెప్పాను. సాయంత్రానికల్లా ఆ మాటలు నాన్నకు చేరాయి. ఆ రోజు నుంచి నాకు ఆ ఇంటి తలుపు మూసుకుపోయింది. ఆయన ప్రార్థనలకు వెళ్లినప్పుడు అమ్మ ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి పెట్టేస్తుంది.

ఇల్లు పోగొట్టుకున్నందుకు బాధపడుతున్నావా అని స్నేహితులు అడుగుతుంటారు. బాధ ఉంటుంది, లేదనను. కానీ నన్ను లోపల కోసేది అది కాదు. ఆ మూడేళ్లూ నేను నెలకొకసారి కడపకు వచ్చేవాణ్ణి. మందిరంలో నాన్న ఎదురుగా కూర్చుని పాటలు పాడేవాణ్ణి. వెనక వీధిలో టీచరు తన అరుగు మీద కూర్చుని ఆ పాటలు వినేదని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. లేచి నాలుగడుగులు వేసి ఉంటే ఆవిడ పక్కన కూర్చుని ఉండేవాణ్ణి. మట్టికి చెప్పిన ఆ నాలుగు మాటలు మనిషికి చెప్పి ఉండేవాణ్ణి.