కగోషిమా బూడిద

జపాన్‌లోని కగోషిమాలో వీధుల్లో ట్రాములు తిరుగుతుంటాయి, ఎదురుగా సముద్రంలో అగ్నిపర్వతం పొగ వదులుతుంటుంది. అది బూడిద కురిపించినప్పుడల్లా జనం వాకిళ్లు ఊడ్చి, మునిసిపాలిటీ ఇచ్చిన పసుపు సంచుల్లోకి ఎత్తి వీధి చివర పెట్టేస్తారు.

కోటబొమ్మాళి నుంచి నాతో వచ్చిన అమ్మ అది చూసి ఊరుకోలేకపోయింది. మేం అద్దెకు దిగిన ఇంటి పక్కింటి ముసలావిడ సంచి మూతి కడుతుంటే అడ్డం వెళ్లింది.

"ఇంత మంచి బూడిద పారేస్తన్నావేటమ్మా? గిన్నెలు తోముకోవా?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడకు తెలుగు ముక్క రాదు. అమ్మ మా అడుగంటిన గిన్నె తెచ్చి, గుప్పెడు బూడిద తీసుకుని అక్కడే తోమి చూపించింది. ఆవిడ కాసేపు కళ్లప్పగించి చూసి, గబగబా లోపలికెళ్లి తన మాడిన మూకుడు పట్టుకొచ్చింది.

మేం బయల్దేరే రోజున ఆవిడ నడుం వంచి, పువ్వుల గుడ్డలో ముచ్చటగా ముడేసిన మూట ఒకటి అమ్మ చేతుల్లో పెట్టింది. జల్లెడ పట్టినట్టు చేతులాడించి చూపించింది. జల్లించిన బూడిదట!

ఇంటికొచ్చాక అమ్మ దాన్ని అద్దాల బీరువాలో పెట్టింది. గిన్నెలు తోమవా అని అడిగాను.

"ఆ ముడి ఇప్పడానికి సేతులొస్తాయేటే?"