రాయబారి కట్టుడు పళ్ళు

మా వీధిలో ఆవిడను అందరూ పళ్ళక్క అనేవారు. కట్టుడు పళ్ళు చేసే మనిషికి ఇంకే పేరు పెడతారు? కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు ఆ పేరు విని, సంచి పట్టుకుని పండ్ల కోసం వచ్చేవారు. "కొరుక్కు తినేవి కావాలంటే పక్క వీధికెళ్ళండి. కొరికేవి కావాలంటేనే కూర్చోండి" అనేది ఆవిడ.

తండ్రి నేర్పిన పని అది. దుకాణం ఒకటే గది. కిటికీ కింద బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, గులాబీ రంగు మైనం రేకులు, ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నె. అరల నిండా ఊరి జనం దవడల అచ్చులు. వెనక గోడ దగ్గర మెరుగు పెట్టే చక్రం, దాని ముందు ఆవిడ తమ్ముడు.

తమ్ముడు ఒకప్పుడు బస్సు డ్రైవరు. నోరున్నవాడు. దేశాన్ని ఏలుతున్నవాణ్ణి మేమంతా గొంతు తగ్గించి "పెద్దాయన" అంటుంటే, ఇతను మాత్రం బస్సులో అందరూ వినేలా తిట్టేవాడు. ఆ రోజుల్లో ఒక పెద్ద దేశపు రేడియో మా భాషలో మాట్లాడేది. "లేవండి, వీధుల్లోకి రండి, మీరు ఒంటరివాళ్ళు కారు, మేం మీ వెనక ఉన్నాం" అని రోజూ చెప్పేది. తమ్ముడు నమ్మాడు. చాలామంది నమ్మారు. అతను బస్సును చౌరస్తాలో అడ్డంగా నిలిపేసి, దిగి జనంలో కలిశాడు. సైన్యం దిగింది. వెనక ఉన్నామన్నవాళ్ళు వెనకే ఉండిపోయారు. ఆ వారమంతా ఆ రేడియోలో పాటలు వచ్చాయి.

జైలు నుంచి బయటికొచ్చేసరికి అతనికి పై వరసలో ఒక్క పన్ను లేదు. తుపాకీ మడమతో కొట్టారు. అక్క అతని నోట్లో అచ్చు తీస్తూ ఏడవలేదు, తిట్టింది. కొట్టినవాణ్ణి తిట్టింది, కొట్టించినవాణ్ణి తిట్టింది, అందరికంటే ఎక్కువగా ఆ రేడియోవాణ్ణి తిట్టింది.

ఆనాటి నుంచీ ఇంట్లో ఒకటే గొడవ.

"వాళ్ళు వచ్చుంటే పెద్దాయన ఈపాటికి ఉండేవాడు కాదక్కా" అనేవాడు తమ్ముడు.

"వాళ్ళు నోరు మూసుకునుంటే నీ నోరు బాగుండేది" అనేది ఆవిడ.

ఏళ్ళు గడిచాయి. పెద్దాయనకేం కాలేదు. ఒక మధ్యాహ్నం దుకాణం ముందు నల్లటి కారు ఆగింది. మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని ఒక విదేశీ పెద్దమనిషి దిగాడు. వెంట అనువాదకుడు, మన మనిషే. వాళ్ళమ్మకు పళ్ళు చేసింది పళ్ళక్కే. ఆ చనువుతోనే ఇక్కడికి తీసుకొచ్చాడు.

"ఈయన రాయబారిగారమ్మా. పళ్ళ సెట్టు చెయ్యి జారి రెండు ముక్కలైంది. సాయంత్రం పెద్దాయన ఇంట్లో విందు ఉంది. ఆలోపు అతికించాలి."

ముక్కలు అందుకుంటూ "ఏ దేశం ఈయనది?" అని అడిగింది. అతను చెప్పాడు. వెనక చక్రం ఆగిపోయింది.

పళ్ళక్క పని మొదలుపెట్టింది. ముక్కలను మైనంతో నిలబెట్టి, కింద ప్లాస్టర్ పోసి, పగుల్లో గులాబీ పొడి, ద్రవం కలిపి నింపింది. ఇక అది గట్టిపడే దాకా ఆగాలి.

"బాబూ, ఈయన్ని ఒకటడగాలి. ఉన్నదున్నట్టు చెప్తావా?"

"వద్దమ్మా. మీకు దణ్ణం పెడతాను. పని కానివ్వండి."

"పళ్ళు నా చేతిలో ఉన్నాయి. అడుగు. వెనక ఉన్నామని మమ్మల్ని రోడ్డు మీదికి తోసి ఎటు పోయారో అడుగు."

అతను అడిగాడు. రాయబారి రుమాలు వెనక నుంచి ఏదో గొణిగాడు.

"ఇతర దేశాల సొంత విషయాల్లో వాళ్ళు తలదూర్చరంటమ్మా. ఆ రేడియో సంగతి అప్పటి ప్రభుత్వానిదంట."

పళ్ళక్క మొహం కందగడ్డలా అయింది. "తలదూర్చరా? మా ఇళ్ళలో దూరిన ఆ గొంతు ఎవరిది? నా తమ్ముడి మూతి పగలగొట్టిన తుపాకీ ఎవరిది? దాని మీద ఈయనగారి దేశం ముద్రుంది. వాడు చూశాడు, బాగా దగ్గర్నుంచి చూశాడు! ఇలాంటి దేశాల్ని ఆదుకోడానికి వెళ్ళాలా వద్దా అని అక్కడ పెద్ద పెద్ద సభలు పెట్టుకుంటారంట. అసలు ఇక్కణ్ణుంచి ఎప్పుడు పోయారు గనక, మళ్ళీ రావడానికి? తుపాకులమ్మడానికి వచ్చారు. విందులు తినడానికి వచ్చారు. మేం చచ్చేటప్పుడు మాత్రం అది మా సొంత విషయం!"

అనువాదకుడు తడబడుతూ అంతా చెప్పాడు. రాయబారి రుమాలును మూతికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఆవిడకు అదీ చాలలేదు.

"ఒరేయ్, ఇలా రా. నీ పళ్ళు తీసి నోరు తెరిచి చూపించు."

తమ్ముడు కదల్లేదు. "నేనేమన్నా ఎగ్జిబిషన్‌లో బొమ్మనా అక్కా? నా నోరు నాది. నీ కోపానికి దాన్ని వాడకు."

అతనే లేచి, అతికిన సెట్టు తీసుకుని, చక్రం మీద మెరుగు పెట్టి, కడిగి, రాయబారి చేతికిచ్చాడు. అనువాదకుడితో ఒక్క మాట అన్నాడు: "అప్పుడు మీరు రావాల్సిందని చెప్పండి. అంతే."

రాయబారి పళ్ళు పెట్టుకుని, అటూ ఇటూ కొరికి చూసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున టీవీలో విందు చూపించారు. పెద్దాయన పక్కన రాయబారి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. "ఆ నవ్వు నేనే అతికించాను" అంటూ పళ్ళక్క తలకొట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే పోలీసులు వచ్చారు. అరల్లోని అచ్చులన్నీ రోడ్డు మీద పగలగొట్టి, దుకాణానికి సీలు వేసి, ఆవిడను తీసుకెళ్ళారు. రెండు రోజులు కూర్చోబెట్టి, ఇంకోసారి నోరు లేస్తే నీ తమ్ముడి కింది వరస కూడా పోతుందని చెప్పి వదిలారు.

పోలీసుల దాకా ఈ సంగతి ఎలా వెళ్ళిందో తర్వాత అనువాదకుడు వచ్చి, వాకిట్లోనే నిలబడి చెప్పాడు. భోజనాల దగ్గర కబుర్లలో, మీ ఊరి పళ్ళావిడ నాకు బాగా గడ్డి పెట్టిందని రాయబారే అన్నాడట. పెద్దాయన పగలబడి నవ్వాడట.

"చెడ్డ ఉద్దేశంతో కాదమ్మా. సరదాకి అన్నాడు."

"సరదాకి!" అంది పళ్ళక్క. "అప్పుడు రేడియోలో పిలిచిందీ సరదాకే. పో బాబూ, ఇంకా ఇక్కడే ఉంటే నిన్ను కూడా ఏదో ఒకటి అంటాను."

ఇప్పుడు ఆవిడ వంటింట్లోనే పని చేస్తుంది. వచ్చేవాళ్ళు పెరటి గుమ్మంలోంచి వస్తారు. జైలు నుంచి వచ్చేవాళ్ళకు ఈనాటికీ కొదవ లేదు.

మొన్న నేను వెళ్ళేసరికి అక్కాతమ్ముళ్ళకు మళ్ళీ అదే గొడవ. "అయినా ఎవరో ఒకరు వస్తేనే బాగుంటుందక్కా" అన్నాడతను.

"సిగ్గులేదురా నీకు? వచ్చేవాడు నీ కోసం వస్తాడా? వాడికి కావాల్సిందేదో ఇక్కడుంటే వస్తాడు!"

"సరే, రారు. మనం లేస్తే చంపుతున్నారు. మరి ఈ పెద్దాయన ఎలా పోతాడు? నువ్వే చెప్పు."

పళ్ళక్క ఒళ్ళు మండిపోయి, చేతిలోని ప్లాస్టర్ గిన్నె ఎత్తి గోడకు కొట్టింది. ముద్ద జారుతూ జారుతూ గోడ మీదే గట్టిపడింది. ఆవిడ గిన్నె కడుక్కొచ్చి, మళ్ళీ పొడి పోసి, నీళ్ళు కలపడం మొదలుపెట్టింది.