ముందుగా తీసిన వంతు

పోయిన వారం మనవరాలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, తాతయ్యా, నువ్వు చదివిన చదువులోనే నేనూ చేరాను అని చెప్పినప్పుడు, సంతోషం కంటే ముందు నాకు అలసటే కలిగింది. అంతర్జాతీయ వ్యవహారాలు, ప్రపంచ సంస్కృతులు అని పెద్ద పేరున్న ఆ చదువు చదివి, మిర్యాలగూడలో కొన్నేళ్లు, కోదాడలో కొన్నేళ్లు ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పి, ఇప్పుడు సూర్యాపేటలో మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్న మనిషిని నేను. దేశాలు ఎలా కలిసి బతకాలో బోర్డు మీద రాసి రాసి చెయ్యి అరిగింది. టీవీ పెడితే ఎక్కడో ఒకచోట ఊళ్లు కూలుతూనే ఉన్నాయి. పొద్దున్నే మోకరించి ఆ దేశాల పేర్లన్నీ వరసగా ప్రార్థనలో తలచుకుంటాను, లేచేసరికి ఇంకో పేరు చేరుతుంది.

మనవరాలికి మొదటి నెలలోనే ఒక పని ఇచ్చారట, తనది కాని ఒక సంస్కృతిలోని ఒక ఆచారాన్ని దగ్గరగా చూసి రాయమని. మా రోజుల్లోనూ ఇదే ఇచ్చారు. దేని గురించి రాయమంటావు తాతయ్యా అని అడిగితే, ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేసి, మంచం కింది ట్రంకుపెట్టె లాగాను. నేను రాసిన పన్నెండు కాగితాలు అడుగున అలాగే ఉన్నాయి. చివరి పేజీలో ఎర్రసిరాతో మా మేడం రాసిన రెండు ప్రశ్నలు కూడా ఉన్నాయి.

మాది మిర్యాలగూడ పక్కన వేములపల్లి. మా నాన్న అక్కడి చర్చిలో సంఘపెద్ద. చదువు రాని పెద్దవాళ్ల కోసం పదేళ్ల వయసు నుంచే నేను ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేవాణ్ణి. పరిశుద్ధ గ్రంథం వెనక పేజీల్లో ఉండే పాత రాజ్యాల పటాలు నాకు కంఠతా వచ్చు. అంతర్జాతీయ వ్యవహారాలంటే ఆ పటాల మీద మిగిలిన కథేననుకుని విశ్వవిద్యాలయంలో చేరాను. వెళ్లే ముందు సంఘమంతా నా తల మీద చేతులుంచి ప్రార్థించింది. తిరిగొచ్చి వాక్యం చెప్పే సేవకుడు అవుతాడని వాళ్ల ఆశ.

తెలుగులో పరీక్ష రాసుకునే వీలుండేది. మొదటి పరీక్షలో ఈజిప్టు అని రాయవలసిన చోటల్లా ఐగుప్తు అని రాశాను. మా గ్రంథంలో ఆ దేశం పేరు అదే, ఇంకో పేరుంటుందని నాకు తట్టనేలేదు. కాగితాలు పంచినప్పుడు హాస్టల్ గదిలో నా పక్కమంచం అతను చూసి, “మిర్యాలగూడ బస్సు ఐగుప్తు మీదికెంచే వస్తదా ఏందివయా, టికెట్ ఎంత?” అన్నాడు. రెండేళ్లూ హాస్టల్లో నా పేరు ఐగుప్తే.

తర్వాత ఈ ఆచారం రాసే పని వచ్చింది. తోటివాళ్లు చలికాలం ఉన్ని బట్టలమ్మే టిబెట్ వాళ్ల దగ్గరికీ, విదేశీ విద్యార్థుల హాస్టల్‌కీ పరుగెత్తారు. నేను మాత్రం కోదాడ బస్సెక్కి నడిగూడెంలో మా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. మా అమ్మకు ఆమె తోడబుట్టిన అక్క. పెళ్లయ్యాక మా అమ్మ బాప్తిస్మం తీసుకుంది, పెద్దమ్మ పుట్టింటి దేవుళ్లతోనే ఉండిపోయింది. బాప్తిస్మం లేని వాళ్లందరినీ మా సంఘంలో అన్యులనేవాళ్లం. కోపంతో కాదు, గ్రంథంలో ఉన్న మాట నోటికి అలవాటై. అందుకని పెద్దమ్మ నా లెక్కలో మరో సంస్కృతి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏటా సద్దుల బతుకమ్మ తెల్లారి పెద్దమ్మ కోదాడలో ఒక బస్సు, మిర్యాలగూడలో ఒక బస్సు మారి మా ఇంటికి వచ్చేది. స్టీలు డబ్బాలో మలీద ముద్దలు తెచ్చేది, రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపి కట్టినవి. గుమ్మం దగ్గరే కూర్చుని, మంచినీళ్లు తాగి, చెల్లెలి మొహం కాసేపు చూసి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయేది. విగ్రహాలకు అర్పించింది తినకూడదని మాకు నేర్పారు. అమ్మ ఎదురు చెప్పకుండా డబ్బా అందుకుని, అక్క బస్సెక్కాక ఆ ముద్దలు తీసుకెళ్లి బర్రె కుడితి తొట్టిలో వేసేది. కడిగిన డబ్బా, మళ్లీ ఏడు పెద్దమ్మ వచ్చి పట్టుకెళ్లేదాకా, గూట్లో ఎదురుచూసేది.

ఆ ఏడు సద్దుల నాడు పెద్దమ్మ వంటింట్లో నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పసుపు గౌరమ్మ ముందు నైవేద్యం పెట్టక ముందే, ఆమె నాలుగు ముద్దలు తీసి విడిగా డబ్బాలో పెట్టి మూత బిగించింది. అదేమిటని అడిగాను.

“మీ అమ్మ వంతు కొడుకా. దేవునికి పెట్టినంక అది తినదు గద. అందుకే ముందుగాల్నే తీస్త.”

“ఎప్పటి సంది?”

“అది మీ దేవుని కోసం నీళ్లల్ల మునిగిన ఏడు సంది. రాసుకో, రాసుకో, మీ పంతులమ్మకు సూపియ్యాలె గద.”

నేను నిజంగానే రాసుకున్నాను. అన్యుల ఆచారంలో ఒక విశేషమైన అంశం అని రాసి అడుగున గీత గీసి, దాని కింద ముప్పావు పేజీ విశ్లేషణ రాశాను. వారం తర్వాత కాగితాలు తిరిగొచ్చాయి. అన్యులు అన్న మాట చుట్టూ ప్రతి పేజీలో ఎర్ర సున్నా. చివర, ఈమె మీకు ఏమవుతుంది, ఈ సంగతి మీ అమ్మగారికి చెప్పారా అని ఉంది.

చెప్పలేదు. అమ్మ ఒక్కసారైనా అక్క చేతి ముద్ద నోట్లో పెట్టుకోవాలంటే ఆమెకు తెలియవలసిన మాట నా ఒక్కడి దగ్గరే ఉంది, అయినా చెప్పలేదు. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ నాన్న నన్ను సంఘం ముందు దేవుని మేళ్లకు సాక్ష్యం చెప్పమని నిలబెట్టేవాడు. తల మీద చేతులుంచిన వాళ్లంతా ఎదురుగా కూర్చునేవాళ్లు. ఈ మాటెత్తితే పట్నం చదువు పిల్లాణ్ణి చెడగొట్టిందంటారని భయం. అన్నేళ్ల ముద్దలు తలచుకుని అమ్మ ఏమైపోతుందోనని ఇంకో భయం. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను, ఉద్యోగం వచ్చాక చెబుదామనుకున్నాను. ఈలోగా రెండు సద్దులు వచ్చాయి, రెండు డబ్బాలు బర్రె తిన్నది.

మూడో ఏడు పండుగ ముందు పెద్దమ్మను సూర్యాపేట దవాఖానలో చేర్చారని కబురొచ్చింది. ముద్ద గొంతు దిగడం లేదట. అమ్మా నేనూ బయల్దేరాం. మిర్యాలగూడ దాటాక బస్సులో చెప్పాను. అమ్మ కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది.

“ముందుగాల్నే తీసేదా?”

“అవునమ్మా.”

“గౌరమ్మకు పెట్టకముందే?”

అవునన్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూర్యాపేట వచ్చేదాకా తియ్యలేదు.

దవాఖానలో అమ్మ మంచం అంచున కూర్చుని అక్క కాళ్లు పట్టుకుంది. “అక్కా, నా వంతు తినలేదే. బర్రెకు పెట్టిన. యేటేటా బర్రెకే పెట్టిన.”

పెద్దమ్మ కళ్లతోనే నవ్వింది. “నాకు ఎర్కనే. మీ ఇంట్ల నన్ను సుట్టమనుకున్నది ఆ బర్రె ఒక్కటేనాయె.”

“ఎర్కయ్యి గూడ ఎందుకు తెచ్చినవే?”

“తినకపోతె నీ ఇష్టం పిల్లా. తియ్యకపోతె నా తప్పు.”

అమ్మ చెంచాతో గంజి తాగించబోతే సగం చెంప మీదుగా కారిపోయింది. పెద్దమ్మ ఆ పండుగ చూడలేదు.

మరుసటి ఏడు సద్దుల తెల్లారి అమ్మ మలీద కట్టింది. నాన్న ఎప్పటిలాగే భోజనానికి వచ్చి కూర్చున్నాడు. అందరం తలలు వంచి ప్రార్థన మొదలుపెట్టక ముందే ఒక ముద్ద తీసి పక్కన పెట్టింది. భోజనాలయ్యాక దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్తుంటే ఎక్కడికని అడిగాను. “అక్క సుట్టమన్నది గదరా,” అని, బర్రె నోటికే అందించింది. బతికినన్నాళ్లూ అలాగే చేసింది.

నేను సేవకుణ్ణి కాలేదు. విశ్వాసం మాత్రం ఈ రోజుకీ చెక్కుచెదరలేదు, ప్రభువు ముందు ఈ సంగతి ఒప్పుకోని ఆదివారం లేదు. ఇప్పుడు మా వీధిలో ఏ పండుగైనా అందరి ఫోన్లకూ ఒకే బొమ్మ వస్తుంది, మేమూ తిరిగి పంపుతాం. మిఠాయి డబ్బాలు దుకాణం నుంచి సీలుతో వస్తాయి. మొహమాటానికి ఒకటి తింటాం, ఎవరికీ అభ్యంతరం లేదు. ఒకరికొకరం ఇంత మర్యాదగా ఎన్నడూ లేము. ఎవరు ఏది తినరో ఎవరికీ తెలియదు, కనుక ఎవరి కోసమూ ఎవరూ ముందుగా తియ్యరు.

మనవరాలికి ఇంకా ఫోన్ చెయ్యలేదు. మా రోజుల్లో మేము వాళ్ల ముద్ద వద్దనుకున్నాం, అయినా రెండు బస్సులు మారి ఒకరు మా గుమ్మం దాకా వచ్చేవారు. ఆ పిల్లను ఎవరింటికి వెళ్లి కూర్చుని చూడమని చెప్పాలో నాకు తోచడం లేదు.