నలుసు తీయనన్న రజియాబీ

రజియాబీ ఇక లేదన్న కబురు శుక్రవారం పొద్దున నేను అల్లం మడిలో ఉండగా వచ్చింది. మొన్ననే నా చెరుకు తోట గట్టున నిలబడి కూలీలను తిట్టిపోసిన మనిషి! ముసలితనంలో అక్షరాలు దిద్దినవాణ్ణి, ఆడంబరం నాకు చేతకాదు. ఉన్నది రాస్తాను.

ఝరాసంగం తోవలో ఎవరి కంట్లో నలుసు పడినా, అందరూ ఆపా అని పిలిచే ఆమె గుమ్మమే దిక్కు. రెప్ప తిప్పి నాలుక కొనతో నలుసు తీసేది. ఆ తర్వాత ఒక బాలింత చేత చనుబాల చుక్కలు వేయించేది. ఆ ఖ్యాతే ఆమె ఐశ్వర్యం.

ఒక కోతల కాలంలో చెరుకు ఆకు మా కూలీ సంగప్ప కన్ను కోసింది. రజియాబీ యథాప్రకారం నాలుక పెట్టింది. మంట తగ్గిందని అతను మళ్లీ పనిలో దిగాడు. కొన్నాళ్లకు నల్లగుడ్డు తెల్లబడింది. ఆకు చేసిన గాయానికి నోటి మురికి తోడై చీము పట్టిందని, వెంటనే వస్తే చూపు దక్కేదేమోనని జహీరాబాద్ దవాఖానలో డాక్టరు చెప్పాడు.

ఇంకొకరైతే విధి మీదికి నెట్టేవారు. ఆమె వాకిట్లో అందరి ముందే అన్నది: "నా నాలుకనే ఆయన కన్ను తిన్నది. ఇగ ఎవ్వలకూ తియ్య. దవాఖానకు పోన్రి."

ఆమెకు గర్వమొచ్చిందన్నారు జనం. అననిచ్చింది. అప్పటినుంచి కోతలు మొదలైతే చాలు, ప్లాస్టిక్ కళ్లద్దాల సంచితో గట్టు మీద ప్రత్యక్షం. "అద్దాలు లేనోడు కత్తి ముట్టొద్దు!"

"గివి పెట్టుకుంటే హీరో లెక్క కొడుతున్ననా, ఆపా?" అన్నాడొకడు.

"హీరోవు గాదురా, రెండు కండ్లున్నోనివి. గది చాలు."

పోయిన కోతల్లో, చెమటకు మసకబారాయని సంగప్ప అద్దాలను నొసటి మీదికి నెట్టాడు. ఆకు మిగిలిన కంటికి తగిలింది. పరుగెత్తింది ఎక్కడికి? మళ్లీ ఆమె దగ్గరికే!

"ఆపా, కాళ్లు మొక్కుత, జర నాలుక పెట్టు. గీ కన్ను గూడ పోతే ఎట్ల బతకాలె?"

"సచ్చినా పెట్ట. నలపకు. ఆటో ఎక్కు!"

అతను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్లు పడుతూనే, కన్ను నలపకుండా అతని చేతులు రెండూ పట్టుకొని, దవాఖాన దాకా తీసుకుపోయింది. ఆ కన్ను నిలిచింది.

తనకు పేరు తెచ్చిన విద్యను తానే తప్పని చెప్పి విడిచిపెట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అలాంటి మనిషి మా ప్రాంతానికి మళ్లీ దొరకదు. ఆమె నేర్పింది మాత్రం పోదు. నా తోటలో అద్దాలు లేని చేతికి కత్తి అందదు.

ఆమెకు మట్టి వేసేటప్పుడు ఎర్ర దుమ్ము లేచింది. సంగప్ప అద్దాలు తీయలేదు. వాటి కిందినుంచే కన్నీళ్లు కారాయి. కారనిచ్చాడు గాని, కన్ను నలపలేదు.