నాయనమ్మ కంటి పొర, మా అన్న క్యాసెట్

ఆ రోజుల్లో టీవీలో బొమ్మ రావడమే గొప్ప, ఎలా వచ్చిందని అడిగేవాళ్లు లేరు. ఆదివారం పొద్దున వచ్చే పౌరాణిక సీరియల్‌ను ఎవరో క్యాసెట్‌లోకి ఎక్కించేవారు, దాన్నుంచి ఇంకొకరు, వాళ్ల దగ్గర్నుంచి మరొకరు. అలా చేతులు మారి సూర్యాపేటలో మా అన్న వీడియో షాపుకు చేరేసరికి దేవుళ్లంతా మంచులో నిలబడి వణుకుతుండేవారు. (అన్న మాత్రం డబ్బా మీద స్కెచ్ పెన్నుతో ‘ఒరిజినల్ ప్రింట్’ అని రాసేవాడు.)

మిర్యాలగూడ రైసు మిల్లు వాళ్లింటికి నేను కోడలిగా వెళ్లిన కొత్త. నాకు నోరు ఊరుకోదు. పట్టాభిషేకం వచ్చిన ఆదివారమే కరెంటు పోయిందని మా ఆయన నాయనమ్మ ఎప్పుడూ బాధపడుతుంటే, “మా అన్న దగ్గర ఉన్నది నాయనమ్మా, అద్దం లెక్క కనవడతది” అనేశాను. ఆ ఒక్క మాటతో మా పుట్టింటి పరువంతా ఒక నల్ల డబ్బాలో ఇరుక్కుంది.

అన్న వీసీఆర్ మోసుకుంటూ బస్సులో వచ్చాడు. వీధిలోని ఆడవాళ్లంతా తలస్నానాలు చేసొచ్చి, టీవీకి దండ వేసి కూర్చున్నారు. తీరా బొమ్మ పడ్డాక సింహాసనం మీద కూర్చున్నదెవరో, పక్కన వింజామర వీస్తున్నదెవరో ఆ దేవుడికే తెలియాలి. అన్న చెమటలు కక్కుతూ ట్రాకింగ్ మీట తిప్పి తిప్పి, నా చెవిలో “సెల్లె, సాంబ్రాణి జర గట్టిగ వెయ్” అన్నాడు. వేశాను. గది నిండా పొగ కమ్ముకుంది, మంచేదో పొగేదో ఎవరికీ తెలియలేదు. మా అత్తగారు దగ్గుతూనే దండం పెట్టారు. గట్టెక్కామనుకున్నాను.

హారతి అయ్యాక నాయనమ్మ కళ్లు నులుముకుని, “అందరికి మంచిగ కనవడ్డదా?” అని అడిగింది. దేవుడు కనబడలేదని ఎవరు ఒప్పుకుంటారు? “మస్తు కనవడ్డది” అన్నారు అందరూ. “అయితే నా కండ్లకే పొర వచ్చింది. దవాఖానకు తోలుకపోండ్రి” అంది. కంటి డాక్టరు పేరెత్తితే కర్ర ఎత్తే మనిషి! చూపిస్తే నిజంగానే పొర ముదిరి ఉంది. ఆపరేషన్ అయింది. మా అన్న వల్లే ముసలామె దారికొచ్చిందని ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటుంటే నేను తలెత్తుకుని తిరిగాను, ఆమె కట్టు విప్పేదాకా. విప్పగానే ఆమె నోట వచ్చిన మొదటి మాట, “ఇగ ఆ క్యాసెట్ మల్ల తెప్పియ్ బిడ్డా.”

నేను వెంటనే సూర్యాపేటకు కబురు పెట్టాను. కబురందగానే అన్న మంచి ప్రింటు కోసం కోదాడ పరుగెత్తాడు. అక్కడి షాపాయన “అద్దంలా ఉంటుందండీ, నాది పూచీ” అని ఒకటి చేతిలో పెట్టాడు. వేసి చూస్తే బొమ్మ కింద మా అన్న షాపు పేరే నడుస్తోంది! అది మా క్యాసెట్ కడుపున పుట్టిన పిల్ల. ఇక చేసేదేం లేక పాతదే పట్టుకొచ్చాడు.

ఈసారి నాయనమ్మ సాంబ్రాణి వేయనివ్వలేదు, కిటికీలన్నీ తెరిపించింది. కొత్త కళ్లద్దాలు పెట్టుకుని ఆఖరుదాకా కదలకుండా చూసింది. నేను తలుపు చాటున నిలబడి సూర్యాపేట బస్సు ఎన్నింటికో గుర్తు చేసుకుంటున్నాను. అయిపోయాక ఆమె అన్నవైపు తిరిగి, “నా పొర డాక్టరు తీసిండు బిడ్డా. నీ దేవునికి వచ్చిన పొర ఎవలు తీయాలె?” అంది. ఇల్లంతా ఘొల్లుమంది. నేను కూడా నవ్వాను, బతికిపోయానని.

మొన్న మా వాడు అదే సీరియల్‌ను కొత్తగా శుభ్రం చేసిన ప్రింటుతో పెద్ద టీవీలో పెట్టాడు. “ఎంత క్లియర్‌గ ఉన్నదో సూడమ్మా” అన్నాడు. చూశాను. మహర్షి జబ్బ మీద టీకా మచ్చ, గడ్డం అంచున జిగురు, కిరీటం వెనక అట్టముక్క. ఇంత బాగుంటే నాయనమ్మ ఏమనేదో అనిపించి ఒక్కసారిగా ఆమె మీద బెంగ పుట్టుకొచ్చింది. “క్వాలిటీ జర తగ్గియ్‌రా” అన్నాను. వాడు నన్ను వింతగా చూసి తగ్గించాడు. ఇంకా తగ్గించమన్నాను. ఈ వయసులో ఇదేం పిచ్చో గానీ, బొమ్మ పూర్తిగా అలికేసినట్టయ్యాకే నాకు చేతులు జోడించబుద్ధయింది.