గరిటెలా చేసిన కారు

మాది ఉదయగిరి. చెక్క గరిటెలు చేయడం మా ఇంటి పని. నిరుడు మా అమ్మాయి మౌనిక ఆత్మకూరులో పిల్లల చెక్క కార్ల పందేనికి పేరిచ్చింది. ఏటవాలు బల్ల మీద నుంచి వదిలితే, కారు కిందికి జారి నేల మీది గీత దాటాలి.

చెక్క పని మనకు కొత్తా అని నేనే కూర్చున్నాను. గరిటెకు తేలికే అందం. ఆ అలవాటు కొద్దీ కారును కూడా ఆకురాయితో అరగదీసి ఈకలా చేశాను. "నేనూ రుద్దుతానమ్మా" అని మౌనిక ఎంత అడిగినా ఆకురాయి ఇవ్వలేదు.

పందెంలో అందరి కార్లూ గీత దాటాయి. మాది ముందే ఆగిపోయింది.

"ఉదయగిరి గరిటెలోళ్ల కారు ఇట్ట నిలబడిందేంది?" అని వెనక నుంచి ఎవరో అంటే జనమంతా నవ్వారు. నేను తలెత్తలేకపోయాను.

మౌనిక మాత్రం తీరిగ్గా కారు అడుగున తడిమట్టి అదిమి బరువు పెంచి, రెండో విడత వదిలింది. కారు గీత దాటి దూసుకుపోయింది.

"ఎట్ట తెలిసిందే నీకు?" అన్నాను.

"గరిటెనైతే మనం మొయ్యాల. కారును మనం మొయ్యం గదమ్మా!"

ఇప్పుడు ఆకురాయి దాని చేతిలో ఉంది. పక్కన కూర్చుని నోరు మూసుకోవడం నేను నేర్చుకుంటున్నాను.